నెమ్మదిగా ఇవ్వవలసిన ఫైలు

ఆ ఆసుపత్రిలో మెరుపక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. నేలమాళిగలోని రికార్డు గదికి ఆమే రాణి, ఆమే బంటు. పద్దెనిమిది వరుసల ఇనుప అరలు, వాటి మధ్య ఒక చక్రాల నిచ్చెన, నడవలోకి తెరుచుకునే ఒక్క కిటికీ. ఆ కిటికీలో చీటీ పెడితే చాలు, ఇరవయ్యేళ్ళ నాడు విరిగిన కాలి ఫైలైనా నాలుగు నిమిషాల్లో చేతిలో పెట్టేది. చీటీ ఇచ్చిన డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకునేలోగా ఫైలు ఎదురుగా ఉండేది.

"ఇంట్లోనూ ఇదే వరస," అని ఆమె భర్త మురిసిపోతూనే ఫిర్యాదు చేసేవాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు. ముప్ఫయ్యేళ్ళుగా బండిని నలభై దాటించని మనిషి. "నేను కంచం ముందు కూర్చునేసరికి తను చెయ్యి కడుక్కుంటూ ఉంటుంది."

అలాంటి మెరుపక్కకి ఒక బుధవారం పొద్దున కాళ్ళు కదలలేదు.

కిటికీ అవతల లాయరు గుమాస్తా నిలబడి ఉన్నాడు. నలభై దాటినవాడు, నోట్లో నువ్వుగింజ నానదు. ఎప్పుడొచ్చినా అక్కా అక్కా అంటూ నవ్వుకుంటూ వస్తాడు. ఆ రోజు చీటీతో పాటు కోర్టు ఆఫీసు ముద్ర ఉన్న కాగితం ఒకటి లోపలికి నెట్టాడు.

"ఫైలు మొత్తం కావాలక్కా. పరీక్షలు, మందులు, ఆ కౌన్సెలింగు డాక్టరమ్మ రాసుకున్నవి, అన్నీ. సోమవారం నుంచి కొత్త చట్టం కదా, ఆ తర్వాత ఇలాంటి కేసులో ఒక్క కాగితం రావాలన్నా జడ్జిగారి గుమ్మం ఎక్కాలి, ఈలోగానే పరిగెత్తు అన్నాడు మా సీనియరు. పరిగెత్తడం ఎందుకండీ, అక్కడ మా అక్క ఉంది, బుధవారం వెళ్తే బుధవారమే వస్తుంది అన్నాను."

కొత్త చట్టం గురించి నెల రోజులుగా రేడియోలో చెబుతూనే ఉన్నారు. అత్యాచారానికి గురైనవాళ్ళ వైద్య రికార్డులను ఇకమీదట అడిగినవాళ్ళకల్లా ఇవ్వకూడదు. సీలు వేసిన కవరులో జడ్జికి పంపాలి. జడ్జి ఒక్కరే చూసి, బాధితురాలి మాట విని, కేసుకి అవసరమైన పేజీ ఏదో తేల్చి, మిగతావి సీలుతోనే వెనక్కి పంపాలి. సోమవారం నాటికి చేతులు మారని ప్రతి ఫైలుకీ అది వర్తిస్తుంది. అప్పటిదాకా మాత్రం పాత పద్ధతే. ముద్ర ఉన్న కాగితం తెస్తే ఏడు పనిదినాల్లో మొత్తం ఇచ్చెయ్యడమే. ఏడు రోజులు ఎవరికి కావాలి, మెరుపక్క ఉండగా?

ఆమెకు రెండేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాంటి ఫైలే, నాలుగు నిమిషాల్లోనే ఇచ్చింది. వారం తిరక్కుండా అందులోని మాటలు కోర్టు పక్కన టీ కొట్టులో వినపడ్డాయి. ఆ అమ్మాయి పదహారో ఏట మింగిన నిద్రమాత్రలు, ఎప్పుడో తెగిపోయిన స్నేహం, అన్నీ నిండు కోర్టులో చదివారట. ఆ అమ్మాయి కేసు వదులుకుని ఊరు మారిపోయింది. ఫైలు ఇచ్చిన చేతులు తనవి. ఎవరూ తనని ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

"రేపు రా తమ్ముడూ," అంది.

గుమాస్తా కిటికీలోకి వంగి చూశాడు. "ఒంట్లో బాగాలేదా అక్కా?"

*

'దొరకలేదు' అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట రాలేదు. ఇప్పుడు అద్దెకు తెచ్చుకున్నా గొంతుకు అడ్డం పడుతుంది. అదీగాక అబద్ధంతో కాపాడింది ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆలోచించి ఆలోచించి, మెట్లెక్కి, తను జన్మలో సలహా అడగనని అనుకున్న మనిషి దగ్గరికి వెళ్ళింది.

ఉత్తరాల విభాగంలో ఉండే ఆయన్ని అందరూ నింపాది బాబాయ్ అంటారు. ఆయన చేతికిచ్చిన ఉత్తరం చేరేలోగా రాసినవాడికి కోపం తగ్గిపోతుందని ఆసుపత్రిలో సామెత. ఆ సామెత పుట్టించింది మెరుపక్కే.

"బాబాయ్, నాకు నెమ్మది నేర్పాలి."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, ఆమెను చూసి, గమ్ము సీసాకు మూత బిగించి, కుంచె తుడిచి పక్కన పెట్టి, అప్పుడు "కూర్చో" అన్నాడు. అప్పటికే మెరుపక్క రెండుసార్లు కూర్చుని లేచింది.

సంగతంతా విన్నాడు.

"అబద్ధం ఆడతావా?"

"ఆడలేను."

"ఫైలు దాస్తావా?"

"ఛ!"

"అయితే నేర్పుతాను. దాచేదీ బొంకేదీ అయితే నా దగ్గరికి రావద్దు. దానికి వేరే గురువులున్నారు, రెండో అంతస్తులో." ఆయన సొరుగు లాగి అట్ట వేసిన లావుపాటి పుస్తకం తీశాడు. "నెమ్మదంటే పని మానడం కాదమ్మాయ్. ఉన్న పనంతా చెయ్యడం. ఇది రికార్డుల నిబంధనల పుస్తకం. ఎప్పుడైనా చూశావా?"

"చేరిన కొత్తలో చూశాను. లావుగా ఉందని పక్కన పెట్టాను."

"నలభై ఒకటో నిబంధన చదువు."

మెరుపక్క చదివింది. బయటికిచ్చే ఫైలులో ప్రతి కాగితానికీ వరుస సంఖ్య వెయ్యాలి. ఏ కాగితం ఏమిటో పట్టిక రెండు ప్రతులు రాయాలి. వైద్యం చేసిన డాక్టరు ఒక్కొక్క కాగితం సరిచూసి పొట్టి సంతకం పెట్టాలి. రోగికి ఉత్తరం రాసి తెలియజెయ్యాలి. రోగి వచ్చి చూసుకుంటానంటే పనివేళల్లో చూసుకోనిచ్చి, చూసినట్టు సంతకం తీసుకున్న తర్వాతే ఫైలు గది దాటాలి.

"ఇవన్నీ ఎవరు చేస్తున్నారు బాబాయ్?"

"ఎవరూ చెయ్యట్లేదు. అందుకే నీకు నాలుగు నిమిషాలు పడుతోంది."

మెరుపక్క వేలు ఆ చివరి వాక్యం మీదే ఆగిపోయింది. "అంటే ఆ రోజు... ఆ అమ్మాయికి కూడా నేను ఉత్తరం రాసి ఉండాల్సింది."

బాబాయ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఉత్తరాలు పంపేవాణ్ణి నేను. ఫైలు వెళ్ళిందని తెలిసీ ఉత్తరం ఏదమ్మా అని నేనూ అడగలేదు. సగం నాది," అన్నాడు.

ఆ సగం తీసుకున్నందుకు ఆమెకు ఆయన మీద ఉన్న పాత వేళాకోళమంతా ఒక్కసారిగా కరిగిపోయింది.

*

ముందు ఉత్తరం. ఆసుపత్రి ముద్ర ఉన్న కవరు తీయబోతే బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మామూలు కవరు. ఇంట్లో ఎవరు అందుకుంటారో, ఎవరికేం చెప్పుకుందో మనకేం తెలుసు?" లోపల రెండే వాక్యాలు రాయించాడు. మీ పాత కాగితాల విషయమై శనివారం ఒంటిగంటలోగా రికార్డు గదికి రాగలరు. పక్క తలుపు తట్టండి. ఆ ఉత్తరం మాత్రం ఆయన ఆ సాయంత్రమే పంపించేశాడు. స్వయంగా పోస్టాఫీసుకి నడిచివెళ్ళాడని, మధ్యలో ఎక్కడా ఆగలేదని చూసినవాళ్ళు మర్నాడు దాకా చెప్పుకున్నారు.

గురువారం అంకెలు వెయ్యడం. మెరుపక్క ఫైలు తెరవబోయింది.

"అలా కాదు. బోర్లా తిప్పు," అన్నాడు బాబాయ్. "కాగితం వెనకవైపు, కింది మూల అంకె వెయ్యాలి. ముందువైపు తిప్పామంటే కళ్ళు ఊరుకోవు. మంచివాళ్ళ కళ్ళు కూడా."

"మరి పట్టికలో ఏ కాగితం ఏమిటో రాయాలి కదా?"

"పైన శీర్షిక ఉంటుంది. ఈ అట్టముక్కతో కింద అంతా మూసి, ఆ గీత మాత్రం చూడు."

అలా బోర్లా పడుకున్న ఫైలు మీద మెరుపక్క ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఆమె అంకెలు కూడా పరుగెత్తేవి.

"ఆ ఏడేంటి, అంతలా వంగింది? బస్సు తప్పిపోతోందా దానికి?"

"నా చెయ్యి ఇంతే బాబాయ్."

"ఆ ఏడు రేపు జడ్జిగారి ముందు నిలబడాలి. నిటారుగా నిలబడనీ."

నలభై మూడు కాగితాలు. ఇరవయ్యో కాగితం దాటేసరికి ఆమెకు ఏదో తెలియని ప్రశాంతత వచ్చింది. ఇన్నేళ్ళూ ఫైళ్ళను వీపులు చూసి గుర్తుపట్టింది గాని, ఒక మనిషి బతుకు ఇలా చేతి కింద మెత్తగా, ఒక్కొక్క పొరగా కదలడం ఆమెకు తెలియదు. కిటికీ అవతల గుమాస్తా బల్ల మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"అక్కా, పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టుంది నీ పని. అవతల కేసులో ఇరుక్కున్న మా కక్షిదారుకీ న్యాయం కావాలి కదా? కాగితాలన్నీ దాచేస్తే నిజం ఎలా తేలుతుంది?"

"దాచేదెవరు తమ్ముడూ? జడ్జిగారు చూస్తారుగా. పనికొచ్చేది మీకే ఇస్తారు."

"ఏది పనికొస్తుందో మా సీనియరుకి బాగా తెలుసు."

"తెలుసు కాబట్టే చట్టం చేసినట్టున్నారు," అన్నాడు బాబాయ్, పెన్సిలు చెక్కుతూ.

శుక్రవారం గుమాస్తా తిన్నగా సూపరింటెండెంటమ్మ దగ్గరికెళ్ళి ఫిర్యాదు చేశాడు. ఆవిడ మెరుపక్కని పిలిపించింది. ఆవిడ గదిలో ఉన్నా ఎప్పుడూ ఒక కాలు ఆపరేషను థియేటరు వైపు తిరిగే ఉంటుంది.

"ఏమ్మా మెరుపూ, కొత్తగా ఈ మబ్బులేంటి?"

మెరుపక్క పుస్తకం తెరిచి చూపింది. ఆవిడ నిలబడే చదివింది, తర్వాత కూర్చుని చదివింది.

"ఇలాంటి నిబంధన మనకుందా?"

"ఉందండీ. మీకు ముందు పనిచేసిన మేడం సంతకం పెట్టారు."

"పాటించిన ఫైలు ఒక్కటైనా ఉందా?"

"ఇదే మొదటిదండీ."

ఆవిడ నవ్వు ఆపుకుంది. ఆ ఫైలులో వైద్యం చేసిన డాక్టరు ఆవిడే. "సంతకాలు రేపు పొద్దున పెడతాను. కావాలని ఆలస్యం చెయ్యను, తొందరా పడను. ఇవాళ మధ్యాహ్నం మూడు ఆపరేషన్లున్నాయి, పొట్టలు కోసిపెట్టి వచ్చి సంతకాలు పెట్టలేను కదా, అతనికి అదే చెప్పు."

ఆ సాయంత్రం బస్సులో భర్త పక్కన కూర్చుని మెరుపక్క చెప్పింది, "రేపు ఒంటిగంటకి గది మూస్తాం. సంతకాలు పొద్దున్నే అయిపోతాయి. ఆ అమ్మాయి రాకపోతే ఇక నా దగ్గర చెయ్యడానికి పనంటూ మిగలదు. ఇచ్చెయ్యాలి."

"వస్తుంది," అన్నాడాయన, ముందు వెళ్ళే సైకిలుకి దారిస్తూ.

"నీకెలా తెలుసు?"

"తెలీదు. కానీ రాదని ఎందుకనుకోవాలి, నలభైలో వెళ్ళేవాళ్ళు కూడా చేరతారు కదా."

*

శనివారం పదకొండున్నరకల్లా నలభై మూడు సంతకాలూ పడ్డాయి. పట్టిక రెండు ప్రతులూ తయారు. ఫైలు మెరుపక్క బల్ల మీద, గుమాస్తా కిటికీ ముందు. "ఇంకేం మిగిలింది అక్కా?" అని అతను అడిగాడు. పట్టిక మళ్ళీ ఒకసారి సరిచూసింది. అది నిజంగా సరిగ్గానే ఉంది.

పక్క తలుపు మీద రెండు దెబ్బలు వినపడ్డాయి.

లోపలికొచ్చిన అమ్మాయి ఏం పని చేస్తుందో, ఏ వీధిలో ఉంటుందో ఈ కథలో ఉండదు. చేతిలో ఉత్తరం ఉంది, మడతల మీద మడతలు పెట్టి చిన్న చీటీలా చేసింది. ఊపిరి ఎగబీలుస్తోంది. "నా కాగితాలు ఎవరో అడిగారా?"

"అడిగారు తల్లీ. నువ్వు చూడకుండా ఇవ్వకూడదు. అందుకే రాశాం."

కిటికీలోంచి గుమాస్తా మెడ సాచాడు. "ఎవరక్కా వచ్చింది?"

"రికార్డు చూసుకోవడానికి వచ్చారు," అంది మెరుపక్క.

"ఎవరి రికార్డు?"

"వచ్చినవాళ్ళది," అని బాబాయ్ వెళ్ళి కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాడు. సన్నటి మనిషే గాని, కదలకుండా నిలబడితే ఆయన్ని మించిన తెర లేదు.

ఆ అమ్మాయిని అరల వెనక, తన సొంత కుర్చీలో కూర్చోబెట్టింది మెరుపక్క. ఫైలు ముందు పెట్టింది. "పట్టిక ఇదిగో. చూసుకుని, చివర సంతకం పెట్టాలి."

"ఎంతసేపు ఉంది?"

"ఒంటిగంటకి మూస్తాం. గంటంబావు."

"నేను మెల్లగా చదువుతాను. చదివినప్పుడల్లా ఆగిపోతుంటాను."

"నీ ఫైలు తల్లీ. నీ ఇష్టమొచ్చినంత ఆగు."

చదవడం మొదలుపెట్టింది. తొమ్మిదో కాగితం దగ్గర అరచెయ్యి దాని మీద బోర్లించి కళ్ళు మూసుకుంది. మెరుపక్క మంచినీళ్ళ గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, నిచ్చెన అవతలికి వెళ్ళిపోయింది. ఏదో ఒకటి సర్దుదామని చేతులు ఆరాటపడ్డాయి. కట్టేసుకుని నిలబడింది. పన్నెండున్నర అయింది. కిటికీ మీద గుమాస్తా వేళ్ళతో తాళం వేస్తున్నాడు.

అప్పుడు అరల వెనకనుంచి నవ్వు వినపడింది. చిన్న నవ్వు కాదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా వేళ్ళ సందుల్లోంచి జారేంత నవ్వు.

"ఏమైంది తల్లీ?"

"ఇది చూడండి. మీరు చూడొచ్చు, నేను చూపిస్తున్నాను కాబట్టి." ఆ అమ్మాయి వేలు పెట్టి చదివింది. "'పదకొండో రోజు. భోజనం చేసింది. మాత్ర లేకుండా పడుకుంది. వార్డు పిల్లి మీద ఒక జోకు చెప్పింది. జోకు బాగాలేదు. అయినా నవ్వాను.' ఎవరండీ ఇది రాసింది?"

"రాత్రి డ్యూటీ నర్సు. కిందటేడు రిటైరైంది. ఆవిడ ఇలాగే రాస్తుందని డాక్టర్లు గోల పెట్టేవాళ్ళు."

"జోకు బాగుంది. ఆవిడకే అర్థం కాలేదు." కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజులన్నీ ఒక్కటే చీకటనుకున్నాను. మధ్యలో జోకు కూడా వేశానన్నమాట." కాగితం అంచు సరిచేస్తూ అడిగింది, "ఇవి కోర్టులో చదువుతారా?"

మెరుపక్క తనకు తెలిసినంత చెప్పింది. ఇవాళ గడిస్తే సోమవారం నుంచి చట్టం మారుతుంది. కవరు జడ్జి ఒక్కరికే వెళ్తుంది.

"నన్ను అడుగుతారా? ముందా, ఇచ్చేశాకా?"

"ముందే. అడక్కుండా ఇవ్వడానికి లేదు."

"అయితే పరీక్ష కాగితాలు నాలుగూ ఇమ్మంటాను. అవంటే నాకు భయం లేదు. వాడి అబద్ధాలకి అవే జవాబు." పెద్ద కట్ట మీద చెయ్యి వేసింది. "మిగతావి నావి. పిల్లి జోకుతో సహా."

మళ్ళీ చదవసాగింది, మొదటికంటే ఇంకా మెల్లగా. ఒక్కొక్క పేజీ తిప్పే ముందు పై అంచు, కింది అంచు సరిచూసి మరీ తిప్పుతోంది. బాబాయ్ కిటికీ దగ్గరనుంచే ఆ చప్పుడు విని తలాడించాడు. "ఈ పిల్లకి నేర్పక్కర్లేదు," అని తనలో తను అనుకున్నాడు.

గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. ఆ అమ్మాయి ముప్ఫై ఒకటో కాగితంలో ఉంది.

"అక్కా! అక్కా, నాకివ్వు, వెళ్ళిపోతాను!"

మెరుపక్క కిటికీ దగ్గరికొచ్చింది. "చూసుకోవడం అవ్వలేదు తమ్ముడూ. సంతకం పడలేదు. పనివేళ అయిపోయింది. సోమవారం రా."

"సోమవారం వస్తే జడ్జిగారి ఉత్తర్వు తెమ్మంటావు."

"నేననను. చట్టం అంటుంది."

గుమాస్తా ఆమెను చూశాడు, బాబాయ్ వీపును చూశాడు, నాలుగు రోజులుగా తనని మోసిన బల్లని చూశాడు. కోపం తెచ్చుకోవడానికి పాపం గట్టిగానే ప్రయత్నించాడు. ఏ తప్పు పట్టుకుని తిట్టాలో దొరకలేదు. "మా సీనియరు నన్ను తినేస్తాడు బాబాయ్."

"నెమ్మదిగా నమిలి తినమను. ఒంటికి మంచిది," అని బాబాయ్ కిటికీ తలుపు మూశాడు.

ఆ అమ్మాయి చదవడం పూర్తయ్యేసరికి రెండు కావొచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. గేటు దగ్గర భర్త బస్సు ఆపుకుని కునుకు తీశాడు. నింపాది బాబాయ్ తన బిస్కట్ల పొట్లం విప్పి ముగ్గురికీ మధ్యలో పెట్టాడు. చివరి కాగితం తిప్పి, సంతకం పెట్టి, ఆ అమ్మాయి ఫైలును తనే మూసింది.

*

సోమవారం కవరు సీలుతో జడ్జి దగ్గరికి వెళ్ళింది. జడ్జి తలుపు వేసుకుని చదివారు, ఆ అమ్మాయిని పిలిపించి విన్నారు, అవతలి లాయరు వాదనా విన్నారు. మూడు వారాలకు కవరు తిరిగొచ్చింది. కోర్టులో ఉంచుకున్నవి నాలుగు కాగితాలని రసీదు. మిగతా ముప్ఫై తొమ్మిదీ కొత్త సీలు కింద ఉన్నాయి. కేసు నడుస్తోంది. ఆ అమ్మాయి ప్రతి వాయిదాకీ హాజరవుతోంది.

చట్టం వచ్చిన ఉత్సాహంలో సూపరింటెండెంటమ్మ ఒక ఎర్ర బీరువా తెప్పిస్తానంది. ఇలాంటి ఫైళ్ళన్నీ అందులో పెట్టి, పైన 'రహస్యం' అని పెద్ద అక్షరాలతో రాయిద్దామంది.

"వద్దండీ," అంది మెరుపక్క. "ఆ బీరువా తెరిచిన ప్రతిసారీ అందరికీ తెలుస్తుంది, ఎవరో ఒకరిది తీస్తున్నామని. మామూలు అరలోనే ఉండనివ్వండి. గదికి తాళం ఉంది, కవరుకి సీలుంది, తాళంచెవి నా దగ్గరుంది. మందలో కలిసిపోతే ఎవరు గుర్తుపడతారు?"

సూపరింటెండెంటమ్మ ఒక నిమిషం ఆలోచించి సరేనంది.

మెరుపక్క నిచ్చెన జరుపుకుని ఎక్కింది. కవరు మీద అంకె తప్ప ఇంకేమీ రాయలేదు. దాని చోటులో దాన్ని నిలబెట్టి, అంచులు సరిచేసింది. ఒక పక్క ఎవరివో టాన్సిళ్ళు, ఇంకో పక్క ఎవరిదో చెట్టెక్కి పడి విరగ్గొట్టుకున్న మోచెయ్యి.